ఏ కానీ సార్?

బిల్లు చూసి యుగంధర్ నవ్వాడు. నవ్వాడంటే సంతోషమనుకునేరు! కడుపు మండినప్పుడు కళింగపట్నం కుర్రాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాతే మాట్లాడతారు.

"మేడమ్, ఇది నా కారు బిల్లేనా? పక్కనున్న ఆ పెద్ద కారుదేమో, ఓపాలి సూడండి."

"మీదే సార్. తెల్ల కారు, ఏడాది సర్వీసు."

కౌంటరు వెనకున్న అమ్మాయి కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే చెప్పింది. నీలం యూనిఫాం, బిగించి వేసిన జడ, మెడలో ట్యాగు. దాని మీద 'దుర్గాభవాని, సర్వీస్ అడ్వైజర్' అని ఉంది.

"తొమ్మిది వేల నాలుగొందలా! జనవరిలో మూడు వేల సిల్లరే గదండీ అయ్యింది. ఆర్నెల్లలో దీనికేటి, పిల్లలు పుట్టీసేయా?"

వెనక కుర్చీల్లో కూర్చున్న వాళ్ళెవరో కిసుక్కుమన్నారు. బయట జూలై వాన దంచి కొడుతోంది. కదిలే వీల్లేక శ్రీకాకుళం హైవే పక్కనున్న ఆ షోరూమ్‌లో జనమంతా ఇరుక్కుపోయి ఉన్నారు. ఇక వాళ్ళకి ఇంతకంటే మంచి కాలక్షేపం ఏం దొరుకుతుంది!

"ఈ నెల నుంచి జీఎస్టీ వచ్చింది సార్. లేబర్ పెరిగింది, ఆయిల్ పెరిగింది. వాటి మీద నాలుగు ఎక్స్‌ట్రా పనులు. ఇంజిన్ ఫ్లషింగ్, థ్రాటిల్ క్లీనింగ్, ఏసీ డిస్ఇన్ఫెక్షన్, సీట్ల షాంపూ."

"ఏడాది కారుకి ఇంజిన్ ఫ్లషింగా? పాలు తాగే పిల్లకి కట్టుడు పళ్ళు పెట్టినట్టుంది!"

అతను ఊరికే అన్న మాట కాదది. యుగంధర్ బోటు ఇంజిన్లు విప్పి బిగించే మెకానిక్కు. సముద్రం మధ్యలో ఆగిపోయిన ఇంజిన్‌ని ఒక స్పానరు, నాలుగు తిట్లతో నడిపించగలడు. ఈ పాటి సర్వీసు ఇంటి ముందు గంటలో చేసుకుంటాడు. కానీ కారుకి మూడేళ్ళ వారంటీ ఉంది. బయట చెయ్యి పడితే వారంటీ పోతుందన్నారు. చేపల వ్యాపారం చేసి తల్లి జగ్గమ్మ కొన్న కారు, వాళ్ళ వీధిలో మొట్టమొదటి కారు. అందుకని ఆర్నెల్లకోసారి తల వంచుకుని ఇక్కడికే రావాల్సి వస్తోంది.

"నాను ఒప్పుకోకుండా ఈ పనులు ఎలా సేశారు?"

"ఒప్పుకున్నారు సార్. ఉదయం పదకొండింటికి ఫోన్ చేశాను. కాల్ రికార్డయింది. వినిపించమంటారా?"

"ఇనిపించండి. అందరూ ఇంటారు."

ఆమె స్పీకర్ నొక్కింది. ముందు ఆమె గొంతు నాలుగు పనులూ వరసగా చదివింది. "ఇవి కూడా చేసేయమంటారా సార్?" అంది. వెనక ఏదో బోటు ఇంజిన్ చప్పుడు. దాని మధ్యలోంచి యుగంధర్ గొంతు, స్పష్టంగా, "కానీ..." అంది. అంతే, లైన్ కట్టయింది.

షోరూమ్ గొల్లుమంది.

"అది ఆ కానీ కాదండీ! 'కానీ, అవన్నీ ఇప్పుడొద్దు' అనబోయాను. ఇంతలో సిగ్నల్ పోయింది!"

"ఏ కానీ సార్? నాకు ఒక్క కానీయే వినబడింది."

"అయితే సగం మాట ఇని పూర్తి బిల్లు ఏసేస్తారా? దీన్ని సర్వీసనరు, దొంగతనమంటారు!"

ఆ మాట బయటికొచ్చాక వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. ఆ అమ్మాయి మొదటిసారి తల ఎత్తింది. అంతవరకూ అచ్చు పుస్తకంలా మాట్లాడిన గొంతులోంచి అసలు గొంతు ఊడిపడింది.

"ఏటీ, దొంగతనమా? మీ నోటితో మీరనీసి, నాను రాసీసినాక, ఇప్పుడు నన్ను దొంగంటారేటి? మీ కానీ తిన్నగా ఉంటే నా బిల్లూ తిన్నగా ఉండేది!"

యుగంధర్ ఆమె మొహంలోకి చూశాడు. కోపంతో ఆమె ముక్కుపుడక కూడా అదురుతోంది. ఎంత బాగుందో! బిల్లు పట్టుకున్న మనిషికి రావాల్సిన ఆలోచన కాదది.

"మీది ఏ ఊరండీ?"

"గజపతినగరం. అయితే ఏటి?" అనేసి, నాలిక కరుచుకుని, "సారీ సార్. కార్డా, క్యాషా?" అంది.

క్యాషే కట్టాడు. కట్టి, తలుపు దగ్గర వేలాడుతున్న ఫిర్యాదుల పుస్తకం తీసి, అడగకుండా పనులు చేసి బిల్లు వేశారని, ఆమె పేరుతో సహా రాసి మరీ వెళ్ళాడు. మగాడి పౌరుషం అలాంటిది. ముక్కుపుడక బాగుందన్నంత మాత్రాన తగ్గుతుందా?

ఆ పౌరుషం రాత్రి అన్నం దగ్గర కరిగిపోయింది.

"పులుసు ఇంకొంచెం ఎయ్యమంటావేట్రా?" అంది జగ్గమ్మ.

"కానీ..." అన్నాడు యుగంధర్. గరిటెడు పులుసూ, చేప ముక్కా కంచంలో పడ్డాయి. "అమ్మా! వద్దనబోతన్నాను!"

"మరి కానీ అన్నావు గదరా!"

"కానీ, కడుపు నిండిపోయిందీ అందామని."

"నీకు సిన్నప్పట్నించీ అంతే. మాట సగం బయట, సగం గొంతులో. ఇన్నాళ్ళూ నీ కానీలు ఇని నాను ఎట్టిన కూరే నీ వొంట్లో కండయ్యింది. ఏ ఆడపిల్లయినా ఆ కానీకి వడ్డించేస్తాది."

యుగంధర్ చేప ముక్కని కంచంలో పక్కకి నెట్టాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అదే షోరూమ్‌లో మెకానిక్కుగా పనిచేసే వాళ్ళ ఊరి గోవింద్.

"ఒరే మావా, ఏటి రాశావురా ఆ పుస్తకంలో? ఆ పిల్ల ఇంకా ఏడాది కూడా నిండని ఉద్యోగి. సోమవారం పిలిచి పంపించీసేలా ఉన్నారు. సర్వీసు ఫ్లోరు మీద ఒకే ఒక్క ఆడపిల్ల, డిప్లొమాలో ఫస్టు. బోనెట్ ఎత్తకుండా సౌండు ఇని లోపం సెప్పీస్తాది. నీ కానీ తగలెయ్య!"

సోమవారం షోరూమ్ తలుపు తీసేసరికి యుగంధర్ అక్కడున్నాడు. మేనేజర్ నారాయణమూర్తి గది బయట దుర్గాభవాని నిలబడి ఉంది. చేతిలో అదే ఫిర్యాదుల పుస్తకం.

"ఇలా ఇవ్వండి. నాను రాసింది కొట్టీస్తాను. తప్పు నాదే. మా అమ్మ దగ్గర కూడా రుజువైపోయింది."

ఆమె పుస్తకం వెనక్కి దాచుకుంది.

"కొట్టేయొద్దు. మీరు రాసింది నిజం."

"అదేటండీ! నా కానీ..."

"మీ కానీ సగమేనని నాకు ఆ రోజే తెలుసు." ఆమె కళ్ళు దించుకోలేదు. "నెలాఖరు వస్తోంది. నా టార్గెట్‌కి నాలుగు పనులు తక్కువ. తిరిగి ఫోన్ చేయొచ్చు, చేయలేదు. నాకు కావాల్సిన కానీ నేను వినేశాను. మీరు దొంగతనం అంటే అందుకే అంత కోపం వచ్చింది. తగలాల్సిన చోటే తగిలింది."

యుగంధర్ జన్మలో ఇంత నిక్కచ్చిగా తప్పు ఒప్పుకున్న మనిషిని చూడలేదు. అతని గుండె అక్కడికక్కడే పడిపోయింది. ఇక దాన్ని లేపడం ఏ వర్క్‌షాపు వల్లా కాదని అతనికి తెలిసిపోయింది. తన రాతతోనే ఈ పిల్ల ఉద్యోగం పోతే మాత్రం తన మొహం తనే చూసుకోలేడు.

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. దుర్గాభవాని కాగితమొకటి బల్ల మీద పెట్టింది. ప్రతి ఎక్స్‌ట్రా పని పక్కనా రెండు గళ్ళు, అవును, కాదు. కస్టమర్ ఆ రెండిట్లో ఒక మాట మెసేజ్ పెడితేనే పని మొదలవ్వాలి. కానీ అంటే కుదరదు.

నారాయణమూర్తి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అంత విడమరిచి అడిగితే ఎవడమ్మా అవునంటాడు? అయినా నువ్వే ఉంటావో లేదో తెలీదు, రూల్సు మారుస్తానంటున్నావు."

"పుస్తకం ఇలా ఇవ్వండి సార్," అన్నాడు యుగంధర్.

తన ఫిర్యాదు కింద నిలబడే రాశాడు. 'పైన రాసింది నిజమే. తప్పు ఒప్పుకున్నది ఈమె ఒక్కతే. ఈమె ఇక్కడ ఉంటేనే నా కారు ఇక్కడికి వస్తుంది. మా ఊళ్ళో ఇంకో పదకొండు కార్లున్నాయి. వాటిని కూడా నేనే తెస్తాను. లేదంటే పన్నెండూ రావు.' కింద సంతకం, ఫోన్ నంబరు.

నారాయణమూర్తి వ్యాపారం తెలిసిన మనిషి. పదకొండు అనే అంకె దగ్గర వేలు పెట్టి కాసేపు ఆలోచించాడు. "జనవరి దాకా చూద్దాం," అన్నాడు.

బయటికొచ్చాక దుర్గాభవాని ఆ పేజీని సెల్‌తో ఫోటో తీసుకుంది.

"ఎందుకండీ?"

"మా నాన్నకి పంపడానికి. ఉద్యోగం ఉందని చెబితే నమ్మడు, కాగితం చూపించాలి," అని నవ్వింది. వాన అప్పుడే వెలిసింది. అయినా యుగంధర్ తడిసిపోయినట్టే నిలబడ్డాడు.

ఊళ్ళో తన కారు కాక ఉన్నవి నిజానికి తొమ్మిదే. మిగతా రెండింటి కోసం పాపం పక్కనున్న గార ఊరి దాకా తిరిగాడు. మొత్తానికి పదకొండూ తెచ్చాడు.

జనవరిలో సర్వీసుకి వెళ్ళేసరికి రేట్లు మళ్ళీ పెరిగి ఉన్నాయి. కంప్యూటర్ ఆరు ఎక్స్‌ట్రా పనులు అచ్చేసి ఇచ్చింది. దుర్గాభవాని పెన్ను తీసి, అతని కళ్ళెదుటే ఐదింటిని అడ్డంగా కొట్టేసింది.

"రేటు నేను తగ్గించలేను. అనవసరమైన పని తగ్గించగలను. ఈ ఒక్కటీ మాత్రం చేయించండి. కింద తుప్పు పట్టకుండా కోటింగ్."

"అదీ కొట్టీయండి. ఏడాదిన్నర కారుకి తుప్పేటి?"

ఆమె అతన్ని లిఫ్టు మీదున్న కారు కిందికి తీసుకెళ్ళి టార్చి వేసింది. తలుపుల కింద అంచు వెంబడి ఎర్రగా పొక్కులు.

"మీది సముద్రం ఊరు. ఉప్పుగాలి. బోటుకైతే ఏడాదికోసారి రంగు వేస్తారు గదా, మరి కారుకి అక్కర్లేదా? మీ ఇంజిన్ సంగతి మీకు తెలుసు, మీ ఊరి గాలి సంగతి తెలీదేటి?"

యుగంధర్ పొక్కుల్ని వేలితో తడిమాడు. పదిహేనేళ్ళుగా ఇనుముతో బతుకుతున్నవాడు. వేలికి ఎర్రటి పొడి అంటింది.

"అవును," అన్నాడు.

"మెసేజ్ పెట్టండి."

పక్కనే నిలబడి మెసేజ్ పెట్టాడు. ఆమె ఫోన్ టింగుమంది. ఆ తర్వాత ఆ రెండు ఫోన్లూ టింగుమనడం ఆపలేదు. టైరు గాలి గురించి ఒక మెసేజ్, వైపర్ల గురించి ఒకటి. ఏమీ లేనప్పుడు, 'మా అమ్మ ఎండు నెత్తళ్ళు పంపించమంటావా అని అడుగుతన్నాది' అని ఒకటి. దానికి 'అవును' అని ఒకటి కాదు, మూడు వచ్చాయి. దుర్గాభవాని ఉద్యోగం కూడా గట్టిపడింది. అడిగి చేసే చోటుకి జనం వాళ్ళంతట వాళ్ళే వస్తున్నారని నారాయణమూర్తికి కూడా అర్థమైంది.

మళ్ళీ జూలై, మళ్ళీ వాన. ఈసారి యుగంధర్‌తో జగ్గమ్మ కూడా వచ్చింది. శ్రీకాకుళం మార్కెట్లో పని చూసుకుని, ఖాళీ బుట్టతో షోరూమ్ ఏసీ గదిలో కూర్చుని టీవీ చూస్తోంది.

జాబ్ కార్డులో 'కస్టమర్ చెప్పిన సమస్య' అని ఒక గడి ఉంటుంది. ఎప్పుడూ దుర్గాభవానే నింపుతుంది. ఈసారి యుగంధర్ పెన్ను లాక్కుని రాశాడు. 'కారు బాగానే ఉంది. ఓనర్‌కే నిద్ర పట్టడం లేదు. కారణం సర్వీస్ అడ్వైజర్.'

ఆమె చదివింది. చెవులు ఎర్రబడ్డాయి. అయినా డ్యూటీ డ్యూటీయే.

"ఇది వారంటీలో రాదు సార్."

"ఎంతయినా పరవాలేదు."

"ఎస్టిమేటు చూడకుండా ఒప్పుకోకూడదని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. నాకు కోపం ఎక్కువ. ఉద్యోగం మానను. తప్పు చేస్తే మీ ఊరందరి ముందూ కడిగేస్తాను."

"అవన్నీ సూసే గదా వచ్చాను! భవానీ, నువ్వంటే నాకు ప్రాణం. పెళ్ళి సేసుకుందాం. అవునా, కాదా? రెండే గళ్ళు."

దుర్గాభవాని చుట్టూ చూసి, కార్డు మీద రెండు గళ్ళు గీసి, 'అవును'లో టిక్కు పెట్టింది. పెట్టి, కింద ఇంకో మాట రాసింది. 'మా నాన్న ఒప్పుకోవాలి.'

"మాది వ్యవసాయం. మీది సముద్రం. మా వాళ్ళలో ఇలా ఎవరూ చేసుకోలేదు. నాన్నని కాదని మాత్రం నేను రాను. ఏడ్చుకుంటూ ఉండిపోతాను గానీ రాను. ముందే చెబుతున్నాను."

"అయితే ఇప్పుడే అడుగు."

వాళ్ళ నాన్న నరసింగరావు పొలంలో ఊడ్పుల దగ్గరున్నాడు. స్పీకర్లో వానా, ఆడవాళ్ళ కేకలూ కలిసి వస్తున్నాయి. దుర్గాభవాని ఒక్క గుక్కలో చెప్పేసింది. కళింగపట్నం అబ్బాయి, బోటు మెకానిక్కు, చేపల వ్యాపారం వాళ్ళు, తనకి ఇష్టం, చేసుకోమంటావా?

వాన చప్పుడు మధ్యలోంచి నరసింగరావు గొంతు, నిదానంగా, "కానీ..." అంది.

అంతే. లైన్ కట్టయింది. మళ్ళీ చేస్తే స్విచ్డ్ ఆఫ్.

దుర్గాభవాని మొహం పాలిపోయింది. "కానీ అన్నాడు. కానీ అంటే ఏదో ఉన్నాది. వద్దనడానికి ముందు మా నాన్న అలాగే లాగుతాడు." ఆ మాట అంటూనే కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. కౌంటరు మీద ఏడవకూడదని అటు తిరిగింది.

యుగంధర్‌కి ఫ్లషింగ్ వద్దనబోయిన తన 'కానీ'యే తిరిగొచ్చి తన నెత్తిన పడినట్టుంది.

టీవీ చూస్తూనే ఇదంతా చెవిన వేసుకున్న జగ్గమ్మ బుట్ట చంకనెట్టుకుని లేచింది. "కానీకీ కానీకీ మధ్య కూకుని ఏడిస్తే ఏటొస్తాది? ఎదురుగా వెళ్ళి అడగాలి. పిల్లా, సగం రోజు సెలవెట్టు. ఒరే, కారు తియ్యి!"

విజయనగరం మీదుగా తొంభై కిలోమీటర్లు, దారి పొడుగునా వాన. వెనక సీట్లో జగ్గమ్మ, ఆమె పక్కన దుర్గాభవాని, ఇద్దరి మధ్యా చేపల బుట్ట. అద్దంలో చూసినప్పుడల్లా ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది. కాదంటే ఏం చేయాలి? ఎత్తుకుపోయే రకం కాదు తను, వచ్చే రకం కాదు ఆమె. కాదంటే మళ్ళీ అడుగుతాను, ఆర్నెల్లకోసారి సర్వీసుకొచ్చినట్టు వచ్చి అడుగుతాను, అని గేరు మార్చాడు.

నరసింగరావు అరుగు మీద కూర్చుని బురద కాళ్ళు కడుక్కుంటున్నాడు. భార్య సుభద్రమ్మ చెంబుతో నీళ్ళు పోస్తోంది. కారు దిగిన కూతుర్ని చూసి ఇద్దరూ కంగారుపడ్డారు.

"ఏటమ్మా, ఇంత వానలో?"

దుర్గాభవాని తడుస్తూనే నిలబడింది. "నువ్వు ఫోన్లో కానీ అన్నావు. కానీ ఏటి నాన్నా? కులమా? సముద్రం ఊరా? సేపల వాసనా? ఏదైనా తిన్నగా సెప్పీయి. అవునో, కాదో!"

నరసింగరావు అర్థం కానట్టు భార్య వైపు చూశాడు.

"సెప్పాను గదే. కానీ అన్నాను!"

"అదే, కానీ ఏటి?"

"కానీ ఏటేటే! కానీ అంటే కానీయమని! నీ మనసుకి నచ్చినోడు, నువ్వు ఏరుకున్నావు, ఇంకా ఆలస్యమెందుకు, కానీ! అనీసి ఇంకా నాలుగు మాటలందామనుకున్నాను. సెల్లు జారి ఊడ్పుల మళ్ళో పడిపోయింది. మీ అమ్మ దాన్ని ఊది ఊది, తడి ఆరడానికి బియ్యం డబ్బాలో ఎట్టింది."

ముందు జగ్గమ్మ నవ్వింది. ఆ నవ్వుకి పక్కింటి వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. దుర్గాభవాని తండ్రిని పట్టుకుని, ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలీకుండా ఉండిపోయింది.

"వచ్చీ బాబూ, తడిసిపోతన్నావు," అన్నాడు నరసింగరావు. "మా పిల్ల ఉద్యోగం పోతాదన్న రోజు దాని తరఫున పుస్తకంలో రాసినోడివి నువ్వే గదా? ఆ ఫోటో ఊళ్ళో నాను సూపించని మనిసి లేడు. ముందు తిట్టి, తప్పు తెలిశాక నిలబడి రాసినోడు. అలాటోడికి పిల్లనివ్వడానికి నాకు ఏ కానీ అడ్డమొస్తాది?"

యుగంధర్ అరుగెక్కి అతని కాళ్ళకి దండం పెట్టాడు. "మావయ్యా," అన్నాడు.

సుభద్రమ్మ లోపలి నుంచి కేకేసింది. "అన్నాలేళయ్యింది. వడ్డించీమంటావా బాబూ?"

పొద్దున్నించీ యుగంధర్ కడుపులో మెతుకు లేదు. ఆనందంగా నోరు తెరిచి, "కానీ..." అన్నాడు.

"ఏ కానీ సార్?" అంది దుర్గాభవాని, తడి జడ పిండుకుంటూ.

"అవును! అవునండీ, అవును!"

"ఆఁ, ఇప్పుడు వడ్డించమ్మా," అంది దుర్గాభవాని.